నేర్చుకునే రోజులకు కూలి ఎవరిస్తారు?

హైదరాబాద్ నుంచి కొంపల్లి దాటి మేడ్చల్ వైపు పోయినా, అల్వాల్ దాటి తూంకుంట మీదుగా శామీర్‌పేట వైపు పోయినా, కొత్త ఇంటి గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ఇల్లుగలాయన వార్డ్‌రోబ్ తలుపు తెరిచి చూపిస్తూ, "చెక్కపనంతా రాజస్థానోళ్ళే చేసిండ్రన్నా. మనోళ్ళను పెట్టుకుంటే అయ్యే పని కాదు. మన పోరగాళ్ళకు ఒళ్ళు వంగదు" అంటాడు. పక్కనున్నాయన అందుకుంటాడు: "ఎందుకు వంగుతది? రేషన్ల సన్నబియ్యం వస్తున్నయ్, ముసలోళ్ళకు పింఛన్ వస్తది, చేతుల ఫోనుంది. ఇంక ఉలి పడతరా?" అందరూ తలలూపుతారు. విస్తట్లో పెరుగు పడేలోపు ఒక తరం మీద తీర్పు అయిపోతుంది.

గృహప్రవేశాల దాకానే అయితే నవ్వి ఊరుకోవచ్చు. బిల్డర్లు, కాంట్రాక్టర్లు, నైపుణ్య శిక్షణ మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు కూడా ఇదే మాటను ఇస్త్రీ చేసి "స్థానిక యువతలో శ్రమ పట్ల విముఖత" అంటున్నారు. మాట ఏ రూపంలో ఉన్నా తప్పే. మర్యాదకు "కొంత నిజం ఉంది కానీ" అని మొదలుపెడదామన్నా, ఆ కొంత ఎక్కడుందో నాకు కనపడలేదు.

ముందు బియ్యం సంగతి తేల్చుకుందాం. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. బిహార్‌లో, ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో రేషన్ లేదా? కేంద్ర పథకం కింద అక్కడా మనిషికి 5 కిలోల తిండిగింజలు ఉచితమే. ఐదు కిలోలు తిన్నవాడు రైలెక్కి వెయ్యి మైళ్ళు వచ్చి రంపం పడుతున్నాడట, ఆరు కిలోలు తిన్నవాడు అరుగు దిగడం లేదట. సోమరితనమంతా ఆ ఒక్క కిలోలోనే ఉన్నదన్నమాట!

తర్వాత ఒళ్ళు వంగడం సంగతి. మేడ్చల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి ఎటు పోతాయో ఒకసారి చూడండి. ఒకటి కామారెడ్డి, నిజామాబాద్, నిర్మల్ వైపు. రెండోది సిద్దిపేట, కరీంనగర్ వైపు. ఆ జిల్లాల మగవాళ్ళు దశాబ్దాలుగా దుబాయిలో, మస్కట్‌లో, రియాద్‌లో ఎండకు మాడుతూ సెంట్రింగ్ చెక్క బిగిస్తూనే ఉన్నారు. 2024లో ఇజ్రాయెల్ యుద్ధం మధ్యలో ఉండగా, అక్కడి నిర్మాణాలకు షట్టరింగ్ కార్పెంటర్లు, టైల్స్ వేసేవాళ్ళు, ఇనుము వంచేవాళ్ళు కావాలని హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. తెలంగాణ నుంచి 900 మందికి పైగా ఎంపికయ్యారు. నెలకు లక్షా ఇరవై వేల పైచిలుకు జీతం అన్నారు. బాంబులు పడే దేశానికి చెక్కపనికి పోతామని వరుసలో నిలబడిన మనుషుల రాష్ట్రం ఇది. వీళ్ళకా ఒళ్ళు వంగనిది?

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. పని వచ్చినవాడికి కూలి దొరుకుతుంది, అది మేడ్చల్‌లోనైనా మస్కట్‌లోనైనా. పని రానివాడు వచ్చినవాడుగా మారే ఆ రెండు మూడేళ్ళు వాడికి తిండి ఎవరు పెడతారు? వాడు పాడుచేసే చెక్క ఖరీదు ఎవరు భరిస్తారు? మన ప్రాంతంలో వడ్రంగం స్థానికుల చేతుల్లోంచి ఎందుకు పోయిందో తెలియాలంటే ఈ లెక్క విప్పాలి.

లెక్క పెద్ద కష్టమైంది కాదు. ఇవాళ ఇంటి చెక్కపని ఎక్కువగా చదరపు అడుగు రేటు మీద నడుస్తుంది. మెటీరియల్ ఇల్లుగలాయనది, లేబర్ మేస్త్రీది. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు, 18 మిల్లీమీటర్లది, నీళ్ళకు తట్టుకునే మంచి రకమైతే మూడు నాలుగు వేలు. కొత్త కుర్రాడు కొలత ఒక అంగుళం తప్పాడంటే షీటు ముక్కలకే పనికొస్తుంది. మైకా కోసేటప్పుడు అంచు పెచ్చులు లేచిందంటే ఆ తలుపు మళ్ళీ మొదటికే. ఇల్లుగలాయన ఆ డబ్బు మేస్త్రీ బిల్లులోనే కోస్తాడు. పైగా కుర్రాడికి చూపిస్తూ కూర్చుంటే మేస్త్రీ చేయి ఆగుతుంది, అడుగుల లెక్క ఆగుతుంది. మనం కట్టుకున్న పద్ధతిలో నేర్పడమంటే మేస్త్రీకి నష్టం తప్ప ఇంకేమీ లేదు. నేర్పనందుకు అతన్ని తప్పుపట్టి లాభం లేదు. నేర్చుకోనందుకు పిల్లవాణ్ణి తప్పుపట్టడం మరీ అన్యాయం.

"మరి రాజస్థాన్ కుర్రాళ్ళు ఎట్లా నేర్చుకుంటున్నారు?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. ఈ పొగడ్తలు గుప్పించేవాళ్ళు ఎప్పుడూ చూడనిది కూడా అదే. ఒక రాత్రి, పని నడుస్తున్న విల్లాలోకి వెళ్ళి చూడండి. ఇంకా టైల్స్ వేయని హాల్లో ప్లైవుడ్ ముక్కల మీద ఐదారుగురు పడుకుని ఉంటారు. మూలన చిన్న సిలిండరు స్టవ్వు. అందరికంటే చిన్నవాడు రొట్టెలు చేస్తుంటాడు. వాడు పెద్దమేస్త్రీకి మేనల్లుడో, బావమరిదో, పక్క ఊరివాడో. మొదటి ఏడు వాడి పని ఊడవడం, చాయ్ తేవడం, ఫెవికాల్ పూయడం, ఉప్పుకాగితం రుద్దడం. జీతం పేరుకే. కానీ తిండి, పడక, రైలు చార్జీ అన్నీ ఆ గుంపువే. షీటు పాడుచేస్తే తిడతారు, కొన్నిసార్లు కొడతారు కూడా, వెళ్ళగొట్టరు మాత్రం. ఊళ్ళో వాడి తల్లికి మొహం చూపించాలి కదా. మూడో ఏడు వాడు సొంతంగా వార్డ్‌రోబ్ నిలబెడతాడు. మన ఇల్లుగలాయన చూసేది మూడో ఏటి కుర్రాణ్ణి. చూసి, "వాళ్ళ రక్తంలోనే ఉందండీ పని" అంటాడు. వాణ్ణి మొదటి రెండేళ్ళు మోసింది చుట్టరికం. ఆ మోత లేకపోతే వాడూ ఏ గోదాములోనో అట్టపెట్టెలు మోసేవాడు. ఆ కుర్రాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సిమెంటు దుమ్ములో పడుకుని, పండగకు ఇంటికి పోలేక, వాళ్ళు పడే పాటు చిన్నది కాదు.

అసలు శామీర్‌పేటకే ఒకప్పుడు ఈ ఏర్పాటు ఉండేది. ఉస్మానియా యూనివర్సిటీలో ఉండగా సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1951-52లో ఈ ఊరినే ఎంచుకుని, కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోళ్ళతో సహా ఇక్కడి బతుకంతా పరిశీలించి, 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం వేశారు. సమాజశాస్త్రం చదివేవాళ్ళకు ప్రపంచమంతటా తెలిసిన ఊరు మనది, మనకే గుర్తులేదు. ఆ రోజుల్లో వడ్లాయన రైతుకు నాగలి చేసేవాడు, గుంటక చేసేవాడు, బండికి చక్రం బిగించేవాడు. రైతు పంట కళ్ళం మీదికి వచ్చినప్పుడు గింజలు కొలిచి ఇచ్చేవాడు. ఏడాది పొడుగునా ఎన్నిసార్లు మరమ్మతు చేసినా అదే గింజ. వడ్లాయన కొడుకు తుమ్మచెక్క మీద బాడిశ వేయడం నేర్చుకుంటూ నాలుగు నాగళ్ళు చెడగొట్టినా ఇంట్లో గింజ ఆగేది కాదు. నేర్చుకునేవాడి తిండి ఊరి లెక్కలోనే కలిసి ఉండేది. ట్రాక్టరు వచ్చింది, నాగలి పోయింది, గింజ కూడా పోయింది. కుర్రాడికి ఓపిక తగ్గిందంటున్నవాళ్ళు ఈ గింజ పోయిన సంగతి ఎందుకు చెప్పరు?

ఆ పాత ఏర్పాటును మళ్ళీ తెమ్మని నేను అడగడం లేదు. అది వడ్లవారి ఇంట పుట్టినవాడికే తెరిచిన తలుపు. మాదిగ పిల్లవాడికి, చాకలి పిల్లవాడికి ఉలి ముట్టే దారి లేదు. వడ్ల పిల్లవాడికేమో బడికి పోయే దారి లేదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ, పిల్లలు ఒక పూట బడికి, ఒక పూట తండ్రి వృత్తికి అనే పథకం పెడితే అది కులవృత్తి చదువని జనం మండిపడ్డారు. మరుసటి ఏడే రద్దయింది. రద్దవ్వాల్సిందే. పదేళ్ళవాణ్ణి షెడ్డులో పెట్టడం ఇవాళ నేరం, అదీ సరైనదే. నేను మాట్లాడుతున్నది పదో ఇంటరో అయిపోయిన పద్దెనిమిదేళ్ళ పిల్లల గురించి, ఏ ఇంట పుట్టినా సరే.

శామీర్‌పేట దగ్గర ఆలియాబాద్ వైపు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. మేస్త్రీ ఈ చుట్టుపక్కల వడ్ల ఇంటివాడే, తండ్రి బండ్లు చేసినవాడు. అతని దగ్గర ఒక కుర్రాడు చేరాడు. పంతొమ్మిదేళ్ళు, ఇంటర్ తప్పాడు, వృత్తి కులం కాదు. నేను వెళ్ళిన రోజున మేస్త్రీ వాడికి ఉలి నూరడం చూపిస్తున్నాడు. కుర్రాడు ఉలిని రాయి మీద ముందుకూ వెనక్కూ ఊపుతున్నాడు, దాంతో అంచు గుండ్రమవుతోంది. మేస్త్రీ ఉలి తీసుకుని వాలు మీద మార్కరు పెన్నుతో నల్లగా పూసి ఇచ్చాడు. "నూరు. యాడ నలుపు పోతుందో చూడు." రెండు రుద్దులకు మధ్యలో మాత్రమే నలుపు పోయింది. "చూసినవా? నీ మణికట్టు ఆడుతుంది బిడ్డా. మోచెయ్యి కదలాలె గాని మణికట్టు కాదు." కుర్రాడు మళ్ళీ పూశాడు, మళ్ళీ నూరాడు. అరగంట అదే పని. చివరికి వాలంతా తెల్లబడింది. మేస్త్రీ ఉలిని బొటనవేలి గోరు మీద ఆనించి, జారకుండా పట్టుకుందని చూసి, తల ఆడించాడు. తర్వాత టేకు ముక్క ఒకటి చేతికిచ్చి, నార ఎటు పోతుందో వేలితో చూపించి, ఎదురు పడితే చెక్క ఎలా లేస్తుందో, వాలున పడితే ఎలా జారుతుందో చేయించి చూపాడు. ఆ అరగంటలో అతను ఒక్క రూపాయి సంపాదించలేదు. ఏ వీడియో చూసినా కుర్రాడికి తన మణికట్టు ఆడుతోందని తెలిసేది కాదు.

కొన్ని నెలల తర్వాత వెళ్తే కుర్రాడు లేడు. దేవరయాంజాల్ వైపు గోదాములో ప్యాకింగుకు పోయాడట. నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంది. మేస్త్రీకి కోపం లేదు. "వాడు మంచోడే సార్, చెయ్యి కుదురుతుండె. నాకు ఇచ్చెటందుకు లేదు, వానికి ఆగెటందుకు లేదు" అన్నాడు. నైపుణ్యాభివృద్ధి మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ఒక్క మాట ఎత్తు తూగవు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తోంది. ఎవరికి చేస్తోందో చూడాలి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ముప్పై మంది, అంతకు పైగా పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉంటే ఇష్టముంటే తీసుకోవచ్చు. నలుగురికంటే తక్కువ ఉన్నచోటికి చట్టం గడప దాటి రాదు. మన వడ్రంగి షెడ్లలో నలుగురు ఉన్నవి ఎన్ని? 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, కుర్రాడికి ఇచ్చే స్టయిపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుందంటుంది. అందుకు సంస్థ పోర్టల్‌లో నమోదు కావాలి, ఒప్పందం అప్‌లోడ్ చేయాలి. పక్కనే ఉన్న జీనోమ్ వ్యాలీలోని పెద్ద మందుల కంపెనీకి అది చిటికెలో పని. కొలతలు గోడ మీద బలపంతో రాసుకునే మేస్త్రీకి?

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, జాబితాలో మొదటి పేరే వడ్రంగి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీకి అప్పు. మంచిదే. కానీ అది అప్పటికే పని చేస్తున్నవాడికి. పని నేర్చుకోబోయేవాడు ఆ దరఖాస్తులో ఎక్కడా లేడు. ఐటీఐల పట్టికలో కార్పెంటర్ ట్రేడ్ చాలాకాలంగా ఉంది. ఇప్పుడు రాష్ట్రం 65 ఐటీఐలను 2,324 కోట్లతో అధునాతన కేంద్రాలుగా మారుస్తోంది. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాలు, సీఎన్‌సీ యంత్రాలు. చేతిపనులకు కొత్త పనిముట్లు నేర్పే కోర్సు కూడా ఒకటి. దాన్ని తక్కువ చేయను. అయితే ఐటీఐ గదిలో పనిముట్టు పేరు తెలుస్తుంది. కస్టమర్ నెత్తిన నిలబడి గడియారం చూస్తుండగా తలుపు బిగించడం షెడ్డులోనే వస్తుంది. ఆ షెడ్డుకు ఒక్క రూపాయి పోవడం లేదు.

ఇదే మేడ్చల్ చుట్టూ, కండ్లకోయ నుంచి మైసమ్మగూడ దాకా, ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. అర్హత ఉన్న పిల్లవాడికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 అనుకుంటే నాలుగేళ్ళకు లక్షా నలభై వేలు. ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇచ్చినా నాకు సంతోషమే. బీద ఇంటి పిల్లవాడు నాలుగేళ్ళు సంపాదన లేకుండా నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు మోయాలని ఆ పథకం ఒప్పుకుంది కదా. అదే న్యాయం ఉలి పట్టే పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి "ఓపిక లేదు" అనే నిందగా ఎందుకు మారుతోంది? జర్మనీలో వడ్రంగి కావాలంటే మూడేళ్ళు నేర్చుకోవాలి. వారంలో కొన్ని రోజులు బడి, మిగతా రోజులు షాపు. 2020 నుంచి అక్కడ నేర్చుకునేవాడి కనీస భత్యం చట్టంలోనే రాశారు, మొదటి ఏడు నెలకు 515 యూరోలతో మొదలుపెట్టి. అక్కడి కుర్రాళ్ళ ఓపికను మెచ్చుకునేవాళ్ళు ఈ అంకెను కూడా చెప్పాలి.

"ఇంకా వడ్రంగి ఎందుకండీ, అంతా మాడ్యులర్, ఫ్యాక్టరీలో కోసుకొచ్చి స్క్రూ బిగిస్తే అయిపోతుంది" అనేవాళ్ళకు ఒకటే సలహా: మీ ఇంటి గోడకు మూలమట్టం పెట్టి చూడండి. యంత్రం పెట్టెను నిక్కచ్చిగా తొంభై డిగ్రీలకు కోస్తుంది. మన గోడ కింద ఒక తీరు, పైన అర అంగుళం ఇంకో తీరు. ఆ సందును కనపడకుండా సర్దేవాడు వడ్రంగే. స్క్రూ బిగించేవాడు సిలికాన్ పూసి వెళ్ళిపోతాడు.

పరాయి చుట్టరికాల మీద మన ఇళ్ళు కట్టుకుంటే ఏమవుతుందో 2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్‌లో, మేడ్చల్ రోడ్డు మీదే చూశాం. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికులతో దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. రైలు దొరకనివాళ్ళు మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ దారిన, నెత్తిన మూటలతో నడిచిపోయారు. పనివాడికి తిండి పెట్టలేకపోయాం, వెళ్ళొద్దని చెప్పే ముఖమూ లేకపోయింది. పనులు ఎక్కడివక్కడ ఆగాయి. ఆ సంవత్సరం కూడా, వాళ్ళు తిరిగొస్తారా లేదా అని చర్చించామే తప్ప, ఇక్కడి పిల్లలకు నేర్పే ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు.

డబ్బు లేదా? ఉంది. 1996 చట్టంతో మొదలై, నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మికుల సంక్షేమ సెస్సుగా వసూలవుతోంది. సొంతానికి కట్టుకునే చిన్న ఇంటికి తప్ప మిగతావాటికి అది కట్టాలి. రింగు రోడ్డుకు అటూ ఇటూ లేచిన ప్రతి టవరూ, ప్రతి విల్లా వెంచరూ కట్టిన సొమ్ము అది. అందులోంచి షెడ్డులో నేర్చుకునే కుర్రాడికి రెండేళ్ళు నెలనెలా భత్యం, వాడు పాడుచేసే సరుకుకు మేస్త్రీ చేతికి కొంత ఇస్తే సంక్షేమం కాకుండా పోదు. నలుగురు లేని షెడ్లను ఒక టింబర్ డిపో కిందనో, సామిల్లు కిందనో గుంపుగా నమోదు చేయించవచ్చు. మేడ్చల్ రోడ్డు మీద డిపోలకు కరువు లేదు. వడ్రంగి దొరక్క అమ్మకాలు ఆగితే ముందు నష్టపోయేది వాళ్ళే.

ప్రభుత్వం చేసేదాకా ఇల్లు కట్టుకునేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఒక విల్లా చెక్కపనికి ఏడెనిమిది లక్షలు పెడుతున్నారు. రెండు నెలల పని. మేస్త్రీతో రేటు మాట్లాడుకునేటప్పుడే, నేర్చుకునే కుర్రాడు ఒకడు ఉండాలని, వాడికి రోజుకు 400 చొప్పున మీరే వేరుగా ఇస్తారని, ఒక షీటు పాడైతే బిల్లులో కోయరని చెప్పండి. అరవై రోజులకు 24,000. షీటుతో కలిపి ముప్పై వేలు దాటదు. హాల్లో టీవీ వెనక మెరుపు పలకకు అంతకంటే ఎక్కువే పెడుతున్నారు. అగ్రిమెంటు కాగితంలో ఆ మాట రాయించండి. కుర్రాడు ఆలియాబాద్ వాడైనా సరే, బికనేర్ వాడైనా సరే.